కొనేముందు ఒక్కసారి ఆగండి: ఇల్లు, తోట ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: వంటింటి చెత్తతో బాల్కనీలో మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో కంపోస్ట్ మొదలుపెట్టాను. రోజూ కూరగాయల తొక్కలు, పాడైన పండ్లు, టీ పిప్పి వేస్తున్నాను. ఇప్పుడు కంపు భరించలేకపోతున్నాం. అడుగున నల్లటి నీళ్లు చేరాయి, పైగా లావుపాటి పురుగులు. ఇంట్లో వాళ్లు తీసి పారేయమంటున్నారు. త్వరగా మాగడానికి పొడులు, ద్రావణాలు అమ్ముతున్నారు కదా, అవి కొంటే బాగుపడుతుందా?

జవాబు: పారేయకండి. ఏమీ కొననూ వద్దు. మీరు వేస్తున్నవాటిలో ఎండు చెత్త ఒక్కటీ లేదు, వచ్చిన ఇబ్బందంతా అక్కడే.

చెత్తను ఎరువుగా మార్చేది సూక్ష్మజీవులు. వాటికి నైట్రోజన్ ఒక వంతు ఉంటే కార్బన్ 25 నుంచి 30 వంతులు కావాలి. తొక్కల్లో, పండ్లలో నైట్రోజన్, నీళ్లు ఎక్కువ. కార్బన్ కావాలంటే ఎండుటాకులు, చించిన అట్టపెట్టెలు, రంపపు పొట్టు లాంటివి పడాలి. లెక్కలతో తల పట్టుకోనక్కర్లేదు. ఒక గిన్నెడు తొక్కలు వేసినప్పుడల్లా పైన రెండు గిన్నెల ఎండుటాకులు నలిపి కప్పేయండి. ఊడ్చి సంచుల్లో కట్టి బయట పెట్టేసే ఆకులను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. తోట ఉన్నవాళ్లకు అంతకన్నా విలువైన సరుకు ఇంకోటి లేదు. రాలే కాలంలోనే ఒక బస్తా నింపి తడవని చోట దాచుకోండి.

వాసన ఎలా ఉందో బట్టి లోపం ఏమిటో తెలిసిపోతుంది. ముక్కుకు ఘాటుగా తగిలే అమ్మోనియా వాసనైతే నైట్రోజన్ ఎక్కువైనట్టు. కుళ్లిన కోడిగుడ్డు వాసనైతే లోపల గాలి ఆడనట్టు. అడుగున నీళ్లు నిలిచాయంటున్నారు కాబట్టి మీది రెండోదే అయ్యుంటుంది. డబ్బా మొత్తం ఒక పాత షీటు మీద బోర్లించండి. డబ్బాకు అడుగున, చుట్టూ రంధ్రాలు పెట్టి, కింద ఒక పళ్లెం ఉంచండి. లోపల అడుగున ఎండుపుల్లలు ఒక వరస పరవండి. బోర్లించిన చెత్తలో ఎండుటాకులు బాగా కలిపి, పిడికెడు తీసుకుని గట్టిగా పిండి చూడండి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోతుంటే ఆకులు ఇంకా పట్టాలి. ఒకటి రెండు చుక్కలు మాత్రమే వచ్చి, పిడికిలి విప్పాక ముద్దగా నిలబడి, వేలితో కదిపితే విడిపోయిందా, తేమ సరిపోయినట్టే. అసలు ముద్దే కట్టకపోతే కాసిని నీళ్లు చిలకరించండి. సరైన తేమకు వచ్చాక డబ్బాలోకి ఎత్తేసి, వారానికి ఒకసారి అడుగునుంచి పైకి కలియబెట్టండి. కంపు కొన్ని రోజుల్లోనే తగ్గుముఖం పడుతుంది.

పురుగులకు భయపడకండి. లావుగా, కాస్త చదునుగా, బూడిద లేదా గోధుమ రంగులో ఉంటే అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాలు. చెత్తను మనకన్నా శ్రద్ధగా ముక్కలు చేసిపెడతాయి. ఆ ఈగ కుట్టదు, కరవదు. తడి తగ్గితే వాటి సంఖ్యా తగ్గుతుంది.

ఇక ఆ పొడులు. చెత్తను మాగబెట్టే సూక్ష్మజీవులు మామూలు తోటమట్టిలో, పాత కంపోస్ట్‌లో పుష్కలంగా ఉంటాయి. గుప్పెడు మట్టి చల్లితే చాలు, పొడికి డబ్బు దండగ. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. బాల్కనీ డబ్బా చిన్నది కాబట్టి పెద్ద కుప్పలా 55 డిగ్రీలకు పైగా వేడెక్కదు. అందుకని తెగులు పట్టిన మొక్కలు, గింజ కట్టిన కలుపు అందులో వేయకండి. ఎరువు తయారైందో లేదో అనుమానం వస్తే కొంచెం మట్టిలో కలిపి, త్వరగా మొలిచే గింజలేవైనా చల్లి చూడండి. మొలకలు వాడినా, పసుపెక్కినా ఇంకా మాగలేదని అర్థం. పచ్చి ఎరువు వేస్తే వేళ్లు దెబ్బతింటాయి. నెలలు పట్టే పని ఇది, తొందరపడితే కాదు.

ప్రశ్న: నీళ్లు పారబోయడానికి మనసు ఒప్పడం లేదు. ఆర్‌వో ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు, వాషింగ్ మెషిన్ నీళ్లు బకెట్లలో పట్టి కుండీలకు పోస్తున్నాను. ఈమధ్య మట్టి మీద తెల్లగా పొర కడుతోంది, ఆకుల అంచులు మాడుతున్నాయి. నీళ్ల వల్లేనా?

జవాబు: మీ మనసు మంచిదే, నీళ్లు పోసే చోటు మారాలి. ఆ తెల్ల పొర ఉప్పు. ఆర్‌వో ఫిల్టర్ నీళ్లలోని లవణాలను వడగట్టి, మనం వదిలేసే నీళ్లలోకే తోసేస్తుంది. అంటే ఆ నీళ్లు కుళాయి నీళ్లకన్నా ఉప్పగా ఉంటాయి. భూమిలో నాటిన మొక్కలైతే వానకు లవణాలు కొట్టుకుపోతాయి. కుండీలో మాత్రం నీరు ఆవిరై ఉప్పు అక్కడే పేరుకుంటుంది. వాషింగ్ మెషిన్ నీళ్లలో డిటర్జెంట్ వల్ల సోడియం కూడా తోడవుతుంది. అది మట్టిని గట్టిపరిచి, నీరు ఇంకకుండా చేస్తుంది.

ముందు కుండీలను బాగు చేసుకోండి. పైన కట్టిన పొరను ఒక అంగుళం మట్టితో సహా గీకి తీసేయండి. తర్వాత మంచి నీళ్లు నెమ్మదిగా, అడుగు రంధ్రంలోంచి ధారాళంగా బయటికి వచ్చేదాకా పోయండి. కాసేపాగి మళ్లీ అలాగే పోయండి. పళ్లెంలో చేరిన నీళ్లను పారబోయాలి, మొక్క మళ్లీ పీల్చుకోకూడదు.

ఆర్‌వో నీళ్లు ఇల్లు తుడవడానికి, టాయిలెట్‌లో పోయడానికి, గిన్నెలు తొలిపేందుకు వాడండి. అక్కడ వాడినా ఆ మేరకు మంచి నీళ్లు మిగిలినట్టే కదా. బట్టల నీళ్లలో మొదటి ఉతుకు నీళ్లు వద్దు. చివరి జాడింపు నీళ్లను నేలలో ఉన్న పెద్ద చెట్ల మొదట్లో పోయొచ్చు, అదీ రోజూ కాదు, మధ్యమధ్య మంచి నీళ్లతో. ఆకుకూరల మీద, పచ్చిగా తినే వాటి మీద పోయకండి. ఏ వాడేసిన నీళ్లనూ ఒక రోజుకు మించి నిల్వ ఉంచొద్దు, కంపు కొడతాయి, దోమలు చేరతాయి. కుండీలకు కూరగాయలు కడిగిన నీళ్లు భేషుగ్గా పనికొస్తాయి.

నీళ్లు మిగల్చాలన్న మీ తపనకు ఇంకో దారి కూడా ఉంది. మట్టి మీద రెండు అంగుళాల మందాన ఎండుటాకులు పరిచి చూడండి, కాండానికి మాత్రం ఆనించకండి. ఎండ నేరుగా తగలక తడి నిలిచి, నీళ్లు పోసే అవసరమే తగ్గుతుంది. పోసేముందు వేలు మట్టిలో గుచ్చి చూడండి. లోపల తడి తగిలితే ఆ రోజుకు మానేయండి.

ప్రశ్న: టమాటా కాయల అడుగు భాగం నల్లగా కుళ్లుతోంది. కాల్షియం లోపమని విని గుడ్డు పెంకులు నలిపి వేశాను. తగ్గలేదు.

జవాబు: కాల్షియం మాట నిజమే. కానీ చాలాసార్లు అది మట్టిలోనే ఉంటుంది, కాయకు చేరదు. కాల్షియం నీళ్లతోపాటే మొక్కలోకి వెళుతుంది. ఒక రోజు మట్టి బీటలు వారేలా ఎండి, మర్నాడు బురదైతే ఆ సరఫరా తెగిపోతుంది. పెంకు ముక్కలు మట్టిలో కరగడానికి ఏళ్లు పడతాయి, ఈ కాపుకు అవి అక్కరకు రావు. పెంకులు కంపోస్ట్‌లో వేయండి, వీలైతే మెత్తగా పొడి చేసి. కుండీకి క్రమం తప్పకుండా నీళ్లు పోయండి, పైన ఆకులు కప్పండి, నైట్రోజన్ ఎరువు తగ్గించండి. చెడిన కాయలు తెంపేస్తే కొత్త కాయలు బాగా వస్తాయి.

ప్రశ్న: ప్రతిసారీ విత్తనాలు కొనకుండా మన కాయల నుంచే తీసుకోవచ్చా?

జవాబు: టమాటాతో మొదలుపెట్టండి, చాలావరకు దాని పువ్వులోనే పరాగ సంపర్కం జరిగిపోతుంది కాబట్టి రకం మారదు. ప్యాకెట్ మీద ఎఫ్1 హైబ్రిడ్ (రెండు వేర్వేరు రకాలను కలిపి పుట్టించిన విత్తనం) అని ఉంటే మాత్రం దాచకండి, వాటి గింజలనుంచి తల్లిలాంటి మొక్కలు రావు. గుమ్మడి, దోస జాతుల్లో తేనెటీగలు పక్క రకాల పుప్పొడి తెచ్చి కలిపేస్తాయి, అవి తర్వాత నేర్చుకోవచ్చు.

బాగా పండిన కాయ కోసి, గింజలను జిగురుతో సహా గ్లాసులోకి పిండి కొద్దిగా నీళ్లు పోయండి. రెండు మూడు రోజులు పులియనివ్వండి. మొలకెత్తకుండా అడ్డుపడే ఆ జిగురు విడిపోయి, మంచి గింజలు అడుగుకు చేరతాయి. పైన తేలినవి పారబోసి, కడిగి, పింగాణీ పళ్లెంలో నీడలో ఆరబెట్టండి. కాగితం మీద వేస్తే అతుక్కుపోతాయి. పూర్తిగా ఆరాక సీసాలో పోసి చల్లని చోట ఉంచితే నాలుగేళ్ల దాకా మొలుస్తాయి. సీసా మీద రకం పేరు, సంవత్సరం రాసి పెట్టుకోండి.