అమ్మకు ఒక ఫైలు, నాన్నకు ఒక ఫైలు

ప్రశ్న: మాది హన్మకొండ. టీచర్‌గా రిటైరయ్యాను, వయసు 66. నా భార్యకు 61. మా అబ్బాయికి ఈ మధ్యే అమెరికా పౌరసత్వం వచ్చింది. మా ఇద్దరికీ గ్రీన్ కార్డు పెడతానంటున్నాడు. ఆమెకు మనవరాళ్ల దగ్గర ఉండాలని ఉంది. నాకేమో పొలం విడిచి ఉండబుద్ధి కాదు. ముగ్గురి పేర్ల మీద 38 లక్షల ఎఫ్‌డీలు, ఆమె పేరున 6 లక్షల ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లు, నా పేరున పరకాల దగ్గర 3 ఎకరాలు ఉన్నాయి. పొలం అబ్బాయికి గిఫ్ట్ డీడ్ చేసి వెళ్దామనుకుంటున్నాను. కాగితాల పని మొత్తానికి కన్సల్టెంటు 4 లక్షలు అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: నమస్తే సార్. 4 లక్షలు ఇవ్వకండి. పొలం గిఫ్ట్ డీడ్ కూడా చేయకండి. ముందు ఈ రెండూ ఆపండి.

గ్రీన్ కార్డు కోసం అబ్బాయి తల్లిదండ్రులకు వేసే ఐ-130 దరఖాస్తు ఎవరిది వారికే ఉంటుంది. భార్య ఫైలులో భర్తను కలిపే వీలు లేదు. రెండు ఫీజులు కట్టాలా అని చాలామంది బాధపడతారు గానీ, మీ ఇంటికి ఇదే మేలు. అమ్మగారి ఫైలు ఇప్పుడు వేయించండి, మీది ఆపండి. అబ్బాయి పౌరుడు కాబట్టి తల్లిదండ్రుల కేసులకు ఏటా ఇన్నే వీసాలన్న కోటా లేదు. ఆలస్యమైతే వరుసలో వెనకబడతామన్న భయం అక్కర్లేదు.

మీది ఎందుకు ఆపమంటున్నానంటే, గ్రీన్ కార్డు అక్కడే కాపురం ఉండేవాళ్ల కోసం. 6 నెలలు దాటి బయట ఉంటే విమానాశ్రయంలో ప్రశ్నలు మొదలవుతాయి. రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా ఏడాది దాటితే ఆ కార్డుతో తిరిగి వెళ్లలేరు. ఆ పర్మిట్‌కు అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేయాలి, హన్మకొండ నుంచి కుదరదు. వానాకాలం నాటు నుంచి యాసంగి కోత దాకా ఇక్కడే ఉండే మనిషికి విజిటర్ వీసా చాలు. దాని మీద సాధారణంగా వెళ్లినప్పుడల్లా 6 నెలల దాకా ఉండనిస్తారు. మీ పేరున ఐ-130 వేశాక విజిటర్ వీసా అడిగితే ఆ సంగతి ఫారంలో రాయాల్సిందే. అప్పుడు ‘ఈయన వచ్చి ఉండిపోతాడు’ అనే అనుమానంతో తిరస్కరించే అవకాశం ఎక్కువ.

ఇక అసలు ఖర్చు. ఐ-130 ఆన్‌లైన్‌లో వేస్తే 625 డాలర్లు, కాగితం మీద 675. తర్వాత ఇమిగ్రెంట్ వీసాకు 325, అబ్బాయి ఇచ్చే పోషణ హామీపత్రం ఐ-864 పరిశీలనకు 120, వీసా వచ్చాక 235. ఆన్‌లైన్‌లో అయితే అన్నీ కలిపి 1,305 డాలర్లు. కట్టే రోజు అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మరోసారి సరిచూసుకోండి. వీటిపైన మెడికల్ పరీక్ష, ఇంటర్వ్యూకు ముంబై ప్రయాణం, పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పోలీస్ క్లియరెన్స్‌కు 500 రూపాయలు. ఫారాలు నింపేది, సంతకాలు పెట్టేది ఎక్కువగా అబ్బాయే. కన్సల్టెంటు చేసేది వాటిని టైపు చేయడమే.

పని నిజంగా ఆగేది పేర్ల దగ్గర. అమ్మగారి కేసుకు ప్రాణం అబ్బాయి జనన ధ్రువపత్రం, దాని మీద తల్లి పేరు. 80ల్లో ఊళ్లో పుట్టిన పిల్లలకు చాలామందికి అది ఉండదు. పదో తరగతి మెమో మీద తండ్రి పేరొక్కటే ఉంటే ఈ కేసుకు అక్కరకు రాదు. ముందు పుట్టిన ఊరి పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో పాత రిజిస్టరు వెతికించండి. లేకపోతే ‘నమోదు లేదు’ అనే పత్రం తీసుకుని, మీసేవలో ఆలస్యపు నమోదుకు పెట్టండి. అది ఆర్డీవో ఉత్తర్వు మీద వస్తుంది. ఇన్నేళ్ల తర్వాత నమోదైన పత్రాన్ని అమెరికా అధికారులు ఒక్కదాన్నే నమ్మరు. దానికి తోడు బడి రికార్డు, పుట్టినప్పుడు ఎరిగిన ఇద్దరు పెద్దల అఫిడవిట్లు పెట్టాలి. సాక్షి పుట్టిన తేదీ, చిరునామా, బంధుత్వం, ఆ సంగతి తనకెలా తెలుసో అందులో ఉండాలి. అబ్బాయి కంటే చిన్నవాళ్లు దీనికి సాక్షులు కాలేరు. అబ్బాయి భారత పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉంటాయి. పౌరసత్వం వచ్చింది కాబట్టి ఆ పాస్‌పోర్టు సరెండర్ చేయక తప్పదు. పంపేలోపు ప్రతి పేజీ స్కాన్ చేసి పెట్టుకోమనండి.

తర్వాత అమ్మగారి పేరు. ఒక కాగితంలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో మీ ఇంటిపేరు, ఇంకోచోట ‘కె. సరోజన’లా పొడి అక్షరం ఉంటే, ముగ్గురు వేరు మనుషుల్లా కనపడుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసా మీద పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (పేరు తెలియదు) అని పడుతుంది. అక్కడ బ్యాంకు నుంచి ఆసుపత్రి దాకా దానితో తంటాలే. ఐ-130 వేయకముందే పాస్‌పోర్టు సరిచేయించండి. 36 పేజీలదానికి మామూలు ఫీజు 1,500 రూపాయలు. ఇంటిపేరు మార్పుకు ఆధారం మీ పెళ్లి ధ్రువపత్రం. వీసా దశలో అది ఎలాగూ అడుగుతారు. రిజిస్టర్ కాని పెళ్లయితే శుభలేఖ, పెళ్లి ఫొటో, సాక్షులతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లండి. తెలుగు కాగితాలకు ఇంగ్లిష్ అనువాదం, రెండు భాషలూ తెలుసని అనువాదకుడి సంతకం చాలు.

ఇప్పుడు డబ్బు. ఎఫ్‌డీల్లో అబ్బాయి పేరు ఉండటం ఈరోజు నుంచే సమస్య. అమెరికాలో పన్ను కట్టేవాళ్ల విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక వేయాలి. జాయింట్ హోల్డర్‌గా ఉన్నా మొత్తం బ్యాలెన్స్ చూపాలి. జరిమానా భారీగా ఉంటుంది. పాత ఏళ్లవి వేయకపోతే, అమెరికా పన్ను శాఖ నోటీసు ఇచ్చేలోపే సీపీఏతో (అక్కడి ఆడిటరుతో) సరిచేయించుకోమనండి. ఎఫ్‌డీల నుంచి అతని పేరు తీసి నామినీగా పెట్టండి. నామినీ ఖాతాదారు కాదు. అమ్మగారు వీసాతో అక్కడ దిగిన రోజు నుంచి ఇదే నియమం ఆమెకూ వర్తిస్తుంది. ఇక్కడి వడ్డీ అక్కడి రిటర్నులో చూపాలి, ఇక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ ఇస్తారు. కాబట్టి ఎఫ్‌డీలు మీ ఒక్కరి పేరునే ఉంచి, ఆమె ఖర్చులకు ఒక్క ఖాతా వదలండి. స్థిరపడ్డాక అది ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా మారాలి. దాని వడ్డీపై టీడీఎస్ 30 శాతం, సెస్సు అదనం. సీనియర్ సిటిజన్లకు టీడీఎస్ వద్దనే డిక్లరేషన్ ఇక చెల్లదు.

మ్యూచువల్ ఫండ్లు ప్రయాణానికి ముందే అమ్మేయండి. అమెరికా చట్టం మన ఫండ్లను కఠినంగా చూస్తుంది. ప్రతి ఫండుకు విడిగా 8621 అనే పన్ను ఫారం వేయాల్సి రావచ్చు, దాన్ని నింపేందుకు సీపీఏ ఫీజు. ఇక్కడ ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్ల లాభంలో ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. లాభం ఎక్కువుంటే సగం మార్చిలో, సగం ఏప్రిల్‌లో అమ్మండి.

ఆరోగ్య బీమా ధర అబ్బాయిని ఇప్పుడే కనుక్కోమనండి. 65 దాటినా, గ్రీన్ కార్డుతో 5 ఏళ్లు వరుసగా అక్కడ నివసించాకే మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కొనుక్కునే వీలుంటుంది. ఐ-864 కూడా ఊరికే సంతకం కాదు. తల్లితో కలిపి ఇంట్లో ఎందరో లెక్కేసి, పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపాలి. కోడలితో మాట్లాడాకే సంతకం పెట్టమనండి.

పొలం సంగతి. అమెరికా పౌరుడు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) తీసుకున్నా, ఫెమా అనే విదేశీ మారక చట్టం నిబంధనల ప్రకారం వ్యవసాయ భూమి కొనకూడదు, గిఫ్ట్‌గా పొందకూడదు. వారసత్వంగా మాత్రం రావచ్చు. అందుకే వీలునామా రాసి సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించండి. సర్వే నంబరు, విస్తీర్ణం పట్టా పాస్‌బుక్కులో ఉన్నట్టే రాయించండి. ధరణి నుంచి భూభారతికి మారిన రికార్డులో తేడా ఉంటే తహసీల్దారు ఆఫీసులో ముందు అది దిద్దించండి, వీలునామా ఆ తర్వాత రాయండి. మీ తదనంతరం అతను ఆ భూమి ఉంచుకోవచ్చు, అమ్మితే మాత్రం ఇక్కడ నివసించేవాళ్లకే అమ్మాలి. హన్మకొండ ఇంటికి ఈ అడ్డంకి లేదు, అతనికి ఓసీఐ కార్డు ఉంటే అది గిఫ్ట్ చేయొచ్చు. అయినా మీరు అందులోనే ఉంటారు కాబట్టి దాన్నీ వీలునామాలోనే పెట్టండి.