వేర్వేరు చదువులవాళ్లు కలిసి యంత్రాన్ని రూపొందిస్తున్నప్పుడు ఒకరికి తెలిసింది మరొకరికి ఎలా చేరుతుంది?

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంతవరకు ఇది. అనంతపురంలో మీరు ఐదుగురు కలిసి ఒక వ్యవసాయ పనిముట్టును రూపొందిస్తున్నారు. మీలో మెకానికల్ ఇంజనీరు, ఎలక్ట్రానిక్స్ చదివినవారు, వ్యవసాయ పట్టభద్రురాలు, డిజైనరు, వర్క్‌షాపు మేస్త్రి ఉన్నారు. వాట్సాప్ గ్రూపు, అందరూ చూడగల ఫోల్డరు, వారానికొక సమావేశం అన్నీ ఉన్నా ఒకరికి తెలిసిన విషయం మరొకరికి సమయానికి అందడం లేదు కాబట్టి, ఇంకే సాఫ్ట్‌వేరు వాడితే బాగుంటుందని అడిగారు. ఇదే జిల్లాలో, ట్రాక్టరుకు తగిలించే వేరుశనగ విత్తే యంత్రం మీద మూడు ఖరీఫ్ కాలాలు పనిచేసినవాడిగా చెబుతున్నాను, కొత్త సాఫ్ట్‌వేరు మీకు ఉపయోగపడదు. మీకు అందకుండా పోతున్న విషయాల్లో ఎక్కువ భాగాన్ని ఇంకా ఎవరూ మాటల్లో పెట్టలేదు, మాటల్లోకి రానిదాన్ని ఫోల్డరులో దాచడం ఎవరికీ సాధ్యం కాదు.

మా మొదటి ఖరీఫ్‌లో జరిగింది వివరంగా చెబుతాను. మా యంత్రంలో విత్తనాల పెట్టె అడుగున గుంతలున్న పళ్లెం ఒకటి తిరుగుతుంది, ఒక్కో గుంతలో ఒక్కో గింజ కూర్చుని గొట్టం గుండా సాలులో పడుతుంది. గుంతలో రెండో గింజ చేరితే దాన్ని పక్కకు తోయడానికి నేను ఒక ఇనుప రేకును అమర్చాను. తెల్ల టార్పాలిన్ పరిచి దాని మీద యంత్రాన్ని నడిపినప్పుడు గింజలు సాలుకు సాలుకు మధ్య 30 సెంటీమీటర్లు, గింజకు గింజకు మధ్య 10 సెంటీమీటర్లు వదిలి చక్కగా పడ్డాయి, అందువల్ల పని పూర్తయిందని నేను నమ్మాను. వాన పడింది, విత్తాము, పది రోజులకు పొలానికి వెళ్లి చూస్తే సాలు పొడవునా బోసి జాగాలే కనిపించాయి. ఎలక్ట్రానిక్స్ చూసే తమ్ముడు పళ్లెం తిప్పే మోటారు వేగాన్ని అనుమానించాడు, నేను గొట్టాన్ని అనుమానించాను. వ్యవసాయం చదివిన అమ్మాయి మాత్రం మట్టిని తవ్వి, మొలవని గింజలను ఏరి, వాటి గులాబీ రంగు పొర చిట్లి ఉందని, పొర చిట్లిన గింజకు నేలలోని బూజు సులభంగా పట్టి కుళ్లిపోతుందని చూపించింది. అప్పుడు మేస్త్రి అన్న మాట నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది: "ఆ పొట్టు మొదట్నించీ రాలతానే ఉంది సార్, మీకు తెలుసనుకుంటి."

వర్క్‌షాపులో ప్రతి సాయంత్రం ఆయన పెట్టె అడుగు నుంచి గులాబీ పొట్టును ఊడ్చి పారేశాడు. ఆయన ఏదీ దాచలేదు. మా సమావేశాలు ఆఫీసు గదిలో, ఇంగ్లీషు చార్టుల ముందు జరిగేవి, ఆయన తలుపు దగ్గర నిలబడి "సరే సార్" అని వెళ్లిపోయేవాడు, ఆయనకు తెలిసిన విషయం జవాబుగా రాగల ప్రశ్నను మాలో ఎవరమూ ఒక్కసారైనా అడగలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్లలో విత్తనపు కాయలను మిషనుకు వేయకుండా ఆడవాళ్లు కూర్చుని చేత్తో ఒలవడం చిన్నప్పటి నుంచి నేను చూస్తూనే ఉన్నాను, మా ఇంటి వసారాలోనూ అలాగే ఒలిచేవారు, దానికి కారణం కూడా ఆ పొరను కాపాడుకోవడమే. అంటే యంత్రాన్ని గీసిన నాకు కూడా ఆ విషయం తెలుసు, అయితే అది ఇంటి తెలివిగా ఒకచోట, నా డ్రాయింగు మరోచోట ఉండిపోయాయి. గింజల పొరను గీకుతున్న ఆ ఇనుప రేకు తీసేసి మెత్తటి నైలాను బ్రష్షు పెట్టడానికి ఒక పూట పట్టింది, ఆ పూట పని కోసం ఒక ఏడాది ఆగవలసి వచ్చింది, ఎందుకంటే మనకు ఖరీఫ్ విత్తు మళ్లీ మరుసటి ఏటి వానకే వస్తుంది.

రెండో ఏడాది నుంచి సమావేశాన్ని వర్క్‌షాపులోకి, యంత్రం చుట్టూ మార్చాము, మాట్లాడేవారు తాము చెబుతున్న భాగాన్ని చేత్తో ముట్టి చూపాలని నియమం పెట్టుకున్నాము. ఈ చిన్న మార్పుతో బయటపడిన మొదటి విషయం, ఒకే మాటను మేము మూడు అర్థాల్లో వాడుతున్నామని. "లోతు 5 సెంటీమీటర్లు" అని అందరమూ ఒప్పుకున్నాము, కానీ నేను యంత్రం కర్రు దిగిన లోతును కొలుస్తున్నాను, వ్యవసాయం చదివిన అమ్మాయి గింజ మీద కప్పిన మట్టి మందాన్ని లెక్కిస్తోంది, పొలం ఇచ్చిన రైతు తన వేలి కణుపులతో చూస్తున్నాడు. చివరకు మేస్త్రి ఒక కొయ్య ముక్క మీద రంగు గీత గీసి, గింజ మీద ఆనించి నిలబెడితే గీత నేలకు సమంగా రావాలని నిర్ణయించిన రోజున ఆ వాదన ముగిసింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ జంతుశాస్త్ర మ్యూజియం చరిత్రను పరిశీలించిన సూసన్ లీ స్టార్, జేమ్స్ గ్రీస్‌మర్ అనే పరిశోధకులు 1989లో ఇలాంటి ఉమ్మడి వస్తువుల గురించి రాశారు. శాస్త్రవేత్తలు, ఔత్సాహిక సేకర్తలు, వేటగాళ్లు ఒకే నమూనాను తమ తమ అవసరాలకు తగ్గట్టు వాడుకుంటూనే కలిసి పనిచేయగలిగారని వారు చూపారు. మా కొయ్య ముక్క చేసిన పని సరిగ్గా అదే.

ముట్టి చూపించినా తెలియని విషయాలు కొన్ని ఉంటాయి. మనం చెప్పగలిగిన దానికన్నా మనకు తెలిసింది ఎక్కువని, రసాయన శాస్త్రం నుంచి తత్వశాస్త్రానికి వచ్చిన మైకేల్ పొలాని 1966లో రాశాడు. దీనికి జపానులో మత్సుషిత సంస్థ ఇంట్లో రొట్టె చేసే యంత్రాన్ని తయారుచేసిన తీరు మంచి ఉదాహరణ. 1980లలో వారి యంత్రం పిండిని సరిగ్గా పిసకలేకపోతే, ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేరు ఉద్యోగిని ఒసాకాలోని ఒక హోటల్లో ప్రధాన రొట్టెల వంటవాడి దగ్గర శిష్యరికం చేసి, ఆయన పిండిని సాగదీయడంతోపాటు మెలిపెడుతున్నాడని గమనించింది. ఆ మెలిక కోసం ఇంజనీర్లు గిన్నె లోపల గట్లలాంటి అంచులు అమర్చారు. వంటవాడు తన చేతిపనిని ఎన్నడూ మాటల్లో చెప్పినవాడు కాదు, పక్కన నిలబడి అదే పని చేసిన మనిషికే ఆ మాట దొరికింది.

మాకు నేల పదును, అంటే విత్తడానికి తగిన తేమ విషయంలో అలాంటి అనుభవం కలిగింది. రైతు ఎర్రమట్టిని గుప్పిట్లో నొక్కి, ముద్దను వదిలి, పగిలిన తీరును బట్టి "ఇప్పుడు విత్తచ్చు" అనేవాడు. మేము నాలుగు రోజులు ఆయనతోపాటు పొద్దున, సాయంత్రం అదే పని చేశాము, ఆయన అవునన్న ప్రతిసారీ, కాదన్న ప్రతిసారీ అదే గుప్పెడు మట్టిని తూచి, ఆరబెట్టి, మళ్లీ తూచి రాసుకున్నాము. ఆ లెక్కల వల్ల అంతకుముందు ఆయనకు గానీ మాకు గానీ తెలియని ఒక విషయం బయటపడింది. ఎద్దుల గొర్రుకు సరిపోయే పదునులో మా యంత్రం కర్రుకు మట్టి అంటుకుంటుంది, అందుకని యంత్రాన్ని ఆ తర్వాత ఒక పూట ఆగి దించాలి. ఆయనకు గొర్రు తెలుసు, మాకు యంత్రం తెలుసు, ఈ మూడో సంగతి మాత్రం కలిసి మట్టి పట్టుకున్నందువల్లే పుట్టింది. బృందం జ్ఞానాన్ని సృష్టించడమంటే నా దృష్టిలో ఇదే.

రాతపని అనవసరమని నేను అనడం లేదు. మా ఎలక్ట్రానిక్స్ తమ్ముడు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు. అతని స్థానంలో వచ్చిన వ్యక్తి, చక్రం పళ్లను లెక్కించే సెన్సారు నుంచి మరీ దగ్గరదగ్గరగా వచ్చే సంకేతాలను వదిలేయమని చెప్పే రెండు వరుసల కోడును అనవసరమనుకుని తీసేశాడు. వర్క్‌షాపులో అంతా బాగానే పనిచేసింది, తడి నేలలో దిగగానే చక్రం పళ్లకు అంటిన బురద వల్ల సెన్సారు ఒక పంటిని రెండుగా లెక్కించి గింజలను గుంపులుగా పడేసింది. కోడు ఫోల్డరులో ఉంది, దాని వెనక ఉన్న బురద మాత్రం ఎక్కడా రాసిలేదు. అప్పటి నుంచి ఒక పొడవాటి రిజిస్టరులో ప్రతి నిర్ణయం పక్కన దాని కారణాన్ని, ఒప్పుకోనివారి అభ్యంతరాన్ని తెలుగులో రాయడం మొదలుపెట్టాము. తెలుగులో రాయడం వల్ల మేస్త్రి కూడా చదివి, రెండుచోట్ల తప్పును తానే దిద్దాడు.

మీరు ఈ ఏడాదికి చేయగలిగింది ఒకటి చెబుతాను. మొదటి వానకు కనీసం నెల ముందు మీ యంత్రాన్ని వర్క్‌షాపు మధ్యలో పెట్టి, మేస్త్రిని, దాన్ని వాడబోయే రైతును, వీలైతే విత్తనాలు ఒలిచే ఇద్దరు ఆడవాళ్లను పిలిచి, వాళ్లకు ఆ రోజు కూలి లెక్కగట్టి ఇచ్చి, నడుస్తున్న యంత్రం దగ్గర రాలుతున్నదేమిటో, అరుగుతున్నదేమిటో, వాసన వస్తున్నదేమిటో చెప్పమని అడగండి. మీ ఇంజనీర్లు ఆ పూటంతా జవాబు చెప్పకుండా రాసుకుంటే చాలు, ఆ కాగితాలను ఇప్పుడున్న ఫోల్డరులోనే తేదీ వేసి పెట్టుకోవచ్చు.