ఉదయగిరి నుంచి నెల్లూరుకు జీవాల బండి: ఎందుకు ఆపించారంటే

పికప్‌లో 40 జీవాలను (గొర్రెలు, మేకలను) తీసుకెళ్తుంటే, పశువుల డాక్టరు సర్టిఫికెట్ ఉన్నా జంతు సంక్షేమ కార్యకర్తలు పోలీసులకు చెప్పి బండి ఆపించారు, ఎందుకని అడిగారు కదా. చిక్కు సర్టిఫికెట్‌తో కాదు, సంఖ్యతో. ఒక్క పికప్‌లో 40 జీవాలంటే ఎవరైనా ఆపుతారు.

అందరూ వదిలేసేది ఒకటే: ఎక్కించే ముందు బండి బాడీ కొలవడం. 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల నిబంధన ప్రకారం గొర్రెకైనా మేకకైనా కనీసం 0.3 చదరపు మీటర్లు, అంటే మూడుంపావు చదరపు అడుగుల చోటు ఉండాలి. మీ బండి బాడీ 9 అడుగుల పొడవు, అయిదున్నర వెడల్పు అన్నారు. 15కి మించి పట్టవు. విడివిడిగా అరలు కూడా ఉండాలి. కిరాయి మూడింతలవుతుంది, కడుపు మండే మాటే. కానీ మన జుడిపి (నెల్లూరు గొర్రెల్లో ఒక రకం) పొట్టేళ్లు పొడుగుకాళ్లవి, ఇరికిస్తే తూలి పడతాయి. పోయినేడు మా బండిలో ఒకటి అలాగే కింద పడింది, మిగతావి తొక్కేశాయి, నెల్లూరులో దించేసరికి ప్రాణం లేదు.

ఈసారి బయల్దేరే ముందు:

1. సర్టిఫికెట్‌లో రాసినన్నే బండిలో ఉండాలి, ట్రిప్పుకొకటి రాయించుకోండి.
2. పొట్టేళ్లను ఆడజీవాలతో కలపొద్దు.
3. అదే బండిలో వేరే సరుకు వేయొద్దు.
4. ఆపితే వాదించొద్దు, కాగితాలు పోలీసులకే చూపించండి.