మా అబ్బాయిని అమెరికా నుంచి వెనక్కి పిలిపించాలా?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఎంఎస్ రెండో సెమిస్టర్‌లో ఉన్నాడు. లోను భారం తగ్గిద్దామని రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్‌లో పనిచేస్తున్నాడు. ట్రంప్ వచ్చాక అందరినీ పంపించేస్తున్నారని ఒకటే టెన్షన్. వచ్చేయమనమంటారా? – ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: చదువు మాన్పించి పిలిపించకండి. గ్యాస్ స్టేషన్ పని మాత్రం ఇవాళే మాన్పించండి.

ప్రెసిడెంట్ మారగానే డిపోర్టేషన్ (దేశం నుంచి పంపించేయడం) చట్టం మారిపోదండీ. అది అక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్, 1952లో చేసి, 1996లో బాగా బిగించిన చట్టం. ముందు ఎవరిని పట్టుకోవాలన్నది మాత్రం ప్రెసిడెంట్ చేతిలో ఉంటుంది. దేశ భద్రతకు ముప్పు అనుకున్నవాళ్లు, తీవ్ర నేరాలు చేసినవాళ్లు, కొత్తగా సరిహద్దు దాటి వచ్చినవాళ్లు ముందు అని 2021లో బైడెన్ ప్రభుత్వం ఒక వరుస పెట్టింది. 2025 జనవరి 20న, ప్రమాణం చేసిన రోజే, ట్రంప్ దాన్ని తీసేశారు. ఇప్పుడు ఉల్లంఘన ఉన్న ఎవరి మీదికైనా రావచ్చు. కాబట్టి 'మా సీనియర్లంతా ఇలాంటి పని చేశారు' అని మీవాడు చెబితే వినకండి. వాళ్లు చేసిందీ ఉల్లంఘనే, అప్పట్లో వాళ్ల దాకా రాలేదంతే.

విద్యార్థికి అసలు ప్రాణం పాస్‌పోర్టులోని వీసా స్టాంపు కాదు, విదేశీ విద్యార్థుల మీద అక్కడి ప్రభుత్వం ఉంచే సెవిస్ అనే కంప్యూటర్ రికార్డు. క్యాంపస్ బయట అనుమతి లేకుండా పనిచేశాడని తేలితే ఆ రికార్డు రద్దవుతుంది, సర్దుకుని బయల్దేరడానికి గడువు కూడా ఇవ్వరు. స్టేటస్, అంటే విద్యార్థిగా అక్కడ ఉండే హోదా, తిరిగి ఇమ్మని అడిగే దారి ఒకటుంది గానీ, అనుమతి లేని పని చేసినవాళ్లకు అది మూసేశారు. 2025 వసంతంలో వేలమంది రికార్డులు ఉన్నట్టుండి రద్దు చేస్తే, పిల్లలు కోర్టులకెక్కారు, ఏప్రిల్ చివర్లో ప్రభుత్వం వెనక్కి తగ్గి పునరుద్ధరించింది. కోర్టులో అలా నిలబడాలంటే మన వైపు తప్పు ఉండకూడదు.

డిపోర్టేషన్ నోటీసు వస్తే కేసు ఇమిగ్రేషన్ కోర్టుకు వెళ్తుంది. అక్కడి జడ్జీలు న్యాయశాఖ ఉద్యోగులే. లాయరును మన ఖర్చుతోనే పెట్టుకోవాలి. వాయిదాకు వెళ్లకపోతే మనం లేకుండానే ఆర్డరు ఇచ్చేస్తారు, ఆ ఆర్డరుతో బయటికి పంపితే మామూలుగా పదేళ్లు తిరిగి అడుగుపెట్టనివ్వరు. జడ్జి అనుమతితో సొంతంగా బయల్దేరితే ఆ పదేళ్ల నిషేధం పడదు. అందుకే ఎవరు ఏ కాగితం ఇచ్చినా లాయరు చూడకుండా సంతకం పెట్టొద్దని గట్టిగా చెప్పండి.

డబ్బు సంగతి. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేయొచ్చు. ఏడాది చదువు పూర్తయ్యాక, తీవ్రమైన ఆర్థిక ఇబ్బంది ఉంటే బయట పనికీ అనుమతి అడగొచ్చు. కానీ దానికి స్టేటస్ సక్రమంగా ఉండాలి, మీవాడికి ఆ దారి మిగిలి ఉందో లేదో లాయరే తేల్చాలి. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు కంటే ముందు లాయరును కలవమనండి. విషయం తెలిస్తే సెవిస్‌లో నమోదు చేయాల్సిన బాధ్యత ఆ ఆఫీసుది. ఈలోగా మీరు ఇక్కడ బ్యాంకు మేనేజరును కలిసి, చదువు అయ్యేదాకా వాయిదాలు ఆపే వీలుందేమో అడగండి.