వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్ కొనేముందు ఏం చూడాలి?

ప్రశ్న: నేను భవనాలకు స్ట్రక్చరల్ డిజైన్ చేసే ఇంజినీరును. భవనం బలాన్ని విశ్లేషించే ఈటాబ్స్, డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ రోజూ వాడతాను, భవనపు త్రీడీ నమూనా తయారుచేసే రెవిట్ అప్పుడప్పుడు. షోరూమ్‌లో, ఇలాంటి భారీ పనుల కోసమే తయారుచేసే వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్ ఒకటి చూపించారు. మందంగా, బరువుగా ఉంది, తెరకు మెరుపు కూడా లేదు. అదే ధరకు పక్కనే ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఇంకా పెద్ద గ్రాఫిక్స్ కార్డు వస్తోంది. వర్క్‌స్టేషన్ అన్న పేరుకే అదనంగా డబ్బు కడుతున్నామా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: గ్రాఫిక్స్ కార్డు వరకు మీ అనుమానం చాలావరకు నిజమే. వర్క్‌స్టేషన్లలో వచ్చే ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 2000 అడా, గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఆర్‌టీఎక్స్ 4060 ఒకే చిప్పుతో తయారైనవి. రెండింటిలోనూ 3072 కోర్లు, 8 జీబీ మెమరీ ఉంటాయి. మొదటిదానికి ఎక్కువ ధర పలకడానికి ముఖ్య కారణం డ్రైవర్, అంటే కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఆ డ్రైవర్‌ను తమ ప్రోగ్రాములతో పరీక్షించి ధ్రువీకరణ ఇస్తాయి. సాలిడ్‌వర్క్స్, క్రియో, సీమెన్స్ ఎన్‌ఎక్స్ వంటి, ఓపెన్‌జీఎల్ అనే పద్ధతిలో తెర మీద బొమ్మలు గీసే మెకానికల్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు వాడేవారికి దానితో నిజమైన ప్రయోజనం ఉంది. మీరు వాడే ఆటోక్యాడ్, రెవిట్ నడిచేది డైరెక్ట్‌ఎక్స్ అనే మరో పద్ధతి మీద కాబట్టి మామూలు కార్డుతోనూ అవి హాయిగా నడుస్తాయి. ఈటాబ్స్ విశ్లేషణకు గ్రాఫిక్స్ కార్డుతో దాదాపు పనే లేదు. దానికి కావలసింది ప్రాసెసర్, ర్యామ్, వేగమైన ఎస్‌ఎస్‌డీ.

అయితే కార్డు పేరు చూసి గేమింగ్ ల్యాప్‌టాప్ వైపు మొగ్గడం కూడా తొందరపాటే అవుతుంది. ఒకే పేరున్న కార్డును ఒక తయారీదారు పలుచని ల్యాప్‌టాప్‌లో 35 వాట్లకు కట్టడి చేసి పెడితే, మరొకరు మందమైన దానిలో 100 వాట్లకు పైగా ఇస్తారు. వెల పట్టీ మీద మాత్రం రెండింటికీ ఒకే పేరు ఉంటుంది. షోరూమ్‌లోనే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిపించి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో మాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అన్న చోట ఎన్ని వాట్లు రాసి ఉందో చూడండి. సేల్స్‌మన్ చెప్పే పది మాటల కన్నా ఆ ఒక్క అంకె నయం.

ప్రాసెసర్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 13వ తరం ఇంటెల్‌లో హెచ్ అక్షరంతో ముగిసే ఐ7-13800హెచ్‌కు మూల విద్యుత్తు (బేస్ పవర్) 45 వాట్లు కాగా, హెచ్‌ఎక్స్‌తో ముగిసే ఐ7-13850హెచ్‌ఎక్స్‌కు 55 వాట్లు. పని ఒత్తిడి పెరిగినప్పుడు కొద్దిసేపు అది 157 వాట్ల దాకా లాగగలదు. ఆ వేడి ఎటో ఒకవైపు బయటికి పోవాలి. మే నెలలో మీ ఊళ్లో, ఏసీ లేని సైట్ ఆఫీసులో కూర్చుని పెద్ద మోడల్‌ను రన్ చేసినప్పుడు, మీకు నచ్చని ఆ మందమే వేగం పడిపోకుండా కాపాడుతుంది. పలుచని యంత్రం మొదటి రెండు మూడు నిమిషాలు పరుగెత్తి, వేడెక్కాక చతికిలబడుతుంది. షోరూమ్‌లో ఐదు నిమిషాలు చూస్తే ఈ తేడా తెలియదు కనుక, అదే మోడల్ ఇప్పటికే వాడుతున్న సహోద్యోగి ఎవరైనా ఉంటే మీ సొంత ఈటాబ్స్ ఫైలును వారి యంత్రంలో అరగంట నడిపించి చూడటం ఉత్తమం.

మెరుపు లేని తెరను లోపంగా అనుకోకండి. కిటికీ వెలుతురులో, ట్యూబ్‌లైట్ కింద పనిచేసేవారికి మ్యాట్ తెర వరమే. 300 నిట్స్ కన్నా 500 నిట్స్ వెలుగున్నది దొరికితే దానికి అదనంగా చెల్లించవచ్చు. ఓఎల్‌ఈడీ తెరను మాత్రం మీకు సిఫారసు చేయలేను, ఎందుకంటే రోజుకు పది గంటలు కదలకుండా ఒకే చోట ఉండే టూల్‌బార్లు కాలక్రమంలో తెర మీద మచ్చలా నిలిచిపోయే ప్రమాదం ఉంది. 16 అంగుళాల తెరకు 1920×1200 పిక్సెళ్లు చాలు. 4కే తీసుకుంటే పాత సాఫ్ట్‌వేర్ల డైలాగ్ బాక్సుల్లో అక్షరాలు చీమతలకాయలంత అయి కళ్లకు శ్రమ కలిగిస్తాయి.

కీబోర్డు దగ్గర రెండు నిమిషాలు ఆగండి. రోజంతా లోడ్లు, కొలతలు కొట్టే మీకు కుడివైపు అంకెల కీలు తప్పనిసరి, 14 అంగుళాల మోడళ్లలో అవి ఉండవు. కొన్ని వర్క్‌స్టేషన్లలో టచ్‌ప్యాడ్‌కు మధ్య బటన్ కూడా ఉంటుంది. మౌస్ మరిచిపోయి సైటుకు వెళ్లిన రోజున డ్రాయింగును పాన్ చేయడానికి, అంటే అటూ ఇటూ జరపడానికి, ఆ చిన్న బటన్ ఎంత అవసరమో క్యాడ్ వాడేవారికి చెప్పనక్కరలేదు.

ఇక ర్యామ్. బోర్డుకు సోల్డర్ చేసి ఉందా, స్లాట్లలో ఉందా అని అడగండి. స్లాట్లుంటే ఇప్పుడు 32 జీబీతో సరిపెట్టుకుని అవసరమైనప్పుడు పెంచుకోవచ్చు. సోల్డర్ చేసి ఉంటే కొన్న రోజు ఎంతో చివరి రోజూ అంతే, కాబట్టి 64 జీబీ ఉన్నదే తీసుకోవాలి. తప్పులను తానే సరిదిద్దుకునే ఈసీసీ ర్యామ్ రోజుల తరబడి ఆగకుండా నడిచే విశ్లేషణలకు ఉద్దేశించినది; మీకు ఆ ఖర్చు వద్దు.

నా అభిప్రాయం అడిగితే, మీ పనికి గ్రాఫిక్స్ తక్కువగా, ప్రాసెసర్ బలంగా, ర్యామ్ స్లాట్లతో ఉన్న వర్క్‌స్టేషన్ సరైనది, అదీ మీ దగ్గరికే వచ్చి బాగుచేసే మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీతో దొరికితేనే. అది లేకపోతే మంచి గాలి మార్గమున్న గేమింగ్ ల్యాప్‌టాప్ కొని, మిగిలిన డబ్బు ర్యామ్ మీద పెట్టండి.

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సాలిడ్‌వర్క్స్ కోసం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో సెకండ్‌హ్యాండ్ వర్క్‌స్టేషన్ కొనాలనుకుంటున్నాను. ఏం చూసుకోవాలి?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: సాలిడ్‌వర్క్స్‌కు ఇది తెలివైన ఆలోచనే. నమూనాను నిజమైన వస్తువులా చూపే అందులోని రియల్‌వ్యూ సౌకర్యం ధ్రువీకరణ పొందిన కార్డులతోనే సక్రమంగా పనిచేస్తుంది, కంపెనీలు వాడి వదిలేసిన యంత్రాల్లో అలాంటి క్వాడ్రో కార్డులు (ఎన్విడియా పాత వర్క్‌స్టేషన్ కార్డులు) ఎక్కువగా ఉంటాయి. ముందుగా మోడల్ సంఖ్య చూడమ్మా. లెనోవో థింక్‌ప్యాడ్ పీ51, హెచ్‌పీ జెడ్‌బుక్ 15 జీ4, డెల్ ప్రెసిషన్ 7520 ఏడో తరం ప్రాసెసర్లవి. ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే విండోస్ 11కు అధికారిక మద్దతు ఉందనీ, విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందనీ గుర్తుంచుకుంటే, ఎంత చవకగా ఇచ్చినా వాటి జోలికి పోనక్కరలేదని నీకే అర్థమవుతుంది. వాటి తరువాతివైన పీ52, జెడ్‌బుక్ 15 జీ5, ప్రెసిషన్ 7530 అయితే ఫరవాలేదు. పీ52లో నాలుగు ర్యామ్ స్లాట్లు ఉండటం అదనపు లాభం.

డబ్బు ఇవ్వకముందే యంత్రాన్ని రీస్టార్ట్ చేయించి, విండోస్ కన్నా ముందే తెరుచుకునే సెట్టింగుల తెర అయిన బయోస్‌లోకి వెళ్లు. డెల్‌కు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, థింక్‌ప్యాడ్‌కు ఎఫ్1 నొక్కాలి. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే ఆ ల్యాప్‌టాప్ వద్దు, దాన్ని తొలగించడానికి కొన్ని మోడళ్లలో మదర్‌బోర్డే మార్చాల్సి వస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్టు తీయించి డిజైన్ కెపాసిటీతో ఫుల్ ఛార్జ్ కెపాసిటీని పోల్చు; సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ధరను బేరంలో తగ్గించమను. టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచినట్టుంటే అడుగున బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు, అటువంటిది ముట్టుకోవద్దు. ఛార్జర్ మీద రాసిన వాట్లు కూడా చదువు. ఈ యంత్రాలకు 170, 180 వాట్ల స్థాయి ఇటుకలాంటి అడాప్టర్లు కావాలి. బదులుగా చిన్నదో నకిలీదో అంటగడితే ల్యాప్‌టాప్ వెలుగుతుంది కానీ ప్రాసెసర్ నెమ్మదిస్తుంది, ఆ లోపం ఇంటికి వెళ్లాకే బయటపడుతుంది.

ప్రశ్న: నేను ఆర్కిటెక్టును. డల్లాస్‌లో ఉన్న మా అక్క వచ్చే నెల వస్తోంది. వర్క్‌స్టేషన్ అక్కడే కొనిపించి తెప్పించుకోవడం లాభమా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికులు తమ సామానుతో ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తీసుకురావచ్చు. అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేస్తాయి కనుక ఇక్కడి పిన్ను ఉన్న తీగ మార్చుకుంటే చాలు, కీబోర్డు మీది కీల అమరిక కూడా ఒకటే. చిక్కు వారంటీతో వస్తుంది. ఆన్‌సైట్ సేవ భారతదేశానికి బదిలీ అవుతుందా, ఏ పేరు మీద అవుతుంది అన్నది కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి, కొనకముందే ఆ మోడల్ గురించి కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే మరొక లెక్క కూడా వేయాలి. ఇక్కడ వృత్తి అవసరానికి కొన్న ల్యాప్‌టాప్ మీద కట్టే 18 శాతం పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో, సర్దుకోవచ్చు, డల్లాస్ బిల్లుతో ఆ వీలు ఉండదు. అక్కడి ధరకు ఆ రాష్ట్రపు సేల్స్ ట్యాక్స్ కలిపి, ఇక్కడి ధరలోంచి ఈ క్రెడిట్ తీసివేసి పోల్చండి. తేడా పది, పదిహేను వేలు మాత్రమే అయితే ఇక్కడే కొనండి.