పేరు రాయవద్దన్న మనిషి

"ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు కొట్టేసింది కదా, ఇకనైనా ఏ పార్టీకి ఎవరు ఎంత ఇచ్చారో జనానికి తెలుస్తుందా?" అని ఒకరు అడిగారు. బాండు అంటే స్టేట్ బ్యాంకులో కొని పార్టీకి విరాళంగా ఇచ్చే, కొన్నవారి పేరు ఉండని కాగితం. తెలుస్తుందా అంటే, తెలియదు. నా జవాబు అంతే. ఎందుకు తెలియదో చెప్పాలంటే మాత్రం 2019లో నేను చంకలో పెట్టుకుని తిరిగిన ఒక రిజిస్టరు సంగతి చెప్పాలి.

నేను ఒక ఆడిటరు గారి దగ్గర లెక్కలు రాసే మనిషిని. ఆ ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో ఒక అభ్యర్థి ఖర్చుల లెక్క చూడమని మా ఆడిటరు గారు నన్ను పంపారు. పార్టీ పేరు, ఊరి పేరు అడగకండి. ఏ పార్టీ అయినా కథ ఇదే. అప్పట్లో అభ్యర్థి ఖర్చు పరిమితి 28 లక్షలు. దానికోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, ఏ రోజు ఖర్చు ఆ రోజు రిజిస్టరులో ఎక్కించాలి, పోలింగ్ లోపల మూడుసార్లు దాన్ని తనిఖీకి పట్టుకెళ్లాలి. టీకి ఇంత, టిఫినుకు ఇంత, కుర్చీ అద్దె ఇంత అని అధికారులే ఒక ధరల పట్టిక చేతిలో పెడతారు. ఆ పట్టికలో ఉన్న ధరకు బిరియానీ దొరికే చోటు ఎవరికైనా తెలిస్తే నాకూ చెప్పండి, ఆదివారాలు అక్కడికే వెళతాను.

మా సభలను ఎన్నికల అధికారులు వీడియో తీసేవారు. కుర్చీలు లెక్కపెట్టి వాళ్ల పుస్తకంలో రాసుకునేవారు. మా పుస్తకంలో కుర్చీలు తగ్గితే నోటీసు. రెండు వందల కుర్చీల తేడా వచ్చిందని ఒకసారి నేను ఆఫీసు వరండాలో పూటంతా నిలబడ్డాను. తప్పు నాదే, రెండో షామియానా వాడి బిల్లు మరిచిపోయాను. అయితే ఆ నెల రోజుల్లో ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ నన్ను అడగలేదు. ఈ కుర్చీలకు డబ్బు ఎవరిచ్చారు?

అసలు పుస్తకం నా దగ్గర లేదు మరి. అది అభ్యర్థి గారి బావమరిది దగ్గర ఉండేది. ఎర్ర అట్ట, పొడుగు పుస్తకం, కిరాణా కొట్లలో ఖాతా రాసుకునే రకం. నేను ముందుగదిలో తెల్ల పుస్తకంతో కూర్చుంటే, ఆయన పడకగదిలో ఎర్ర పుస్తకంతో కూర్చునేవాడు. మధ్యలో ఒక కర్టెన్.

పోలింగ్ ఏప్రిల్ 11న. దానికి వారం ముందు, రాత్రి పదకొండు దాటాక, కంకర క్వారీ యజమాని ఒకాయన వచ్చాడు. వెనకాల డ్రైవరు మామిడికాయల బుట్ట మోసుకొచ్చాడు. ఆ బుట్ట దించడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది కాబట్టి కాయల కింద ఏముందో నాకు ఎవరూ చెప్పనవసరం లేదు. నన్ను చూసి ఆయన ఉలిక్కిపడి, "ఈ అబ్బాయి ఎవరు? రాసే మనిషా? నా పేరు ఎక్కడా రాయవద్దు బాబూ, రసీదు కూడా వద్దు" అన్నాడు. నేను పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను. బావమరిది ఆయన్ను లోపలికి తీసుకెళ్లాడు.

కర్టెన్ పూర్తిగా మూసుకోలేదు. డబ్బు లెక్క అయిపోయింది, కాఫీ తాగడం కూడా అయిపోయింది, ఆయన మాత్రం లేవడు. బావమరిది ఎర్ర పుస్తకం తీసేదాకా అలాగే కూర్చున్నాడు. రాస్తుంటే మంచం మీది నుంచి ముందుకు వంగి చూశాడు. చూసి, "ఇంటి పేరు ముందు రాయండి. పక్కన కంకర అని కూడా రాయండి. ఈ ఊళ్లో నా పేరుగలవాళ్లు ఇంకో ఇద్దరున్నారు" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. దగ్గు వచ్చినట్టు నటించి బయటికి వెళ్లాను.

మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం చూశారుగా? పెళ్లిపందిట్లో ఎవరో ఒక మేనమామ కూర్చుని ఫలానావారు నూటపదహార్లు, ఫలానావారు స్టీలు బిందె అని రాస్తాడు. ఆ పుస్తకం పదేళ్లయినా బీరువాలో భద్రంగా ఉంటుంది. వాళ్లింట్లో పెళ్లి వచ్చిన రోజు అది బయటికి తీస్తారు. ఎర్ర పుస్తకమూ అలాంటిదే, మైకులో చదవరన్నదే తేడా.

బాండ్లు తెచ్చినప్పుడు ప్రభుత్వం చెప్పిన కారణం గుర్తుందా? విరాళం ఇచ్చినవారి పేరు బయటపడితే అవతలి పార్టీవాళ్లు కక్ష కడతారు, అందుకే పేరు దాచాలి అన్నారు. కంకర ఆసామి భయం అది కాదు. తాను ఇచ్చినట్టు ఇక్కడివాళ్లకు తెలియకుండా పోతుందేమోనన్నదే ఆయన భయం. అవతలి వైపు ఎర్ర పుస్తకంలో కూడా కంకర అని రాయించే ఉంటాడు. సాక్ష్యం లేదు, కానీ నాకు అనుమానమూ లేదు. మా అభ్యర్థి ఓడిపోయాక గెలిచినాయన ఇంటి ముందు దండ పట్టుకుని నిలబడిన ఫొటో పత్రికలో చూశాను.

బాండు మీద కొన్నవారి పేరు ఉండదన్నారు. 2018లోనే ఒక విలేఖరి వెయ్యి రూపాయల బాండ్లు రెండు కొని పరీక్ష చేయిస్తే, అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే నంబరు బయటపడింది. భద్రత కోసమే అన్నారు, సరే. అయినా కోటి రూపాయల చదివింపు ఇచ్చినవాడు "మాది ఇదీ" అని చెవిలో చెప్పకుండా ఉంటాడా? అమ్ముడైన బాండ్ల విలువలో తొంభై శాతానికి పైగా కోటి రూపాయలవే. ఇచ్చినవాడికి తెలుసు, పుచ్చుకున్నవాడికి తెలుసు, మధ్యలో స్టేట్ బ్యాంకుకూ తెలుసు. తెలియనిది ఓటు వేసే మనకే.

2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పథకాన్ని కొట్టేసి లెక్కలు బయటపెట్టమంటే, బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది. ఉన్నవి 22,217 బాండ్లు. నాకో కంప్యూటరూ నాలుగు రోజులూ ఇస్తే ఎవరు కొన్నది ఏ పార్టీకి చేరిందో సరిపోల్చేవాణ్ణి. ఇది గొప్పకు చెప్పడం లేదు, రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి టిక్కులు కొట్టడమే ఇరవై ఏళ్లుగా నా ఉద్యోగం. ఇదే బ్యాంకులు మన ఖాతాలో పేరు ఒక అక్షరం తేడా ఉంటే మాత్రం మరుసటి రోజే ఆపేస్తాయి. కోర్టు ఒప్పుకోకపోవడంతో మర్నాటికే జాబితాలు ఇచ్చారు. ముందు బాండ్ల నంబర్లు లేకుండా ఇచ్చి, కోర్టు మళ్లీ గద్దిస్తే అవీ ఇచ్చారు. అప్పుడు తెలిసింది భాజపాకు 6,000 కోట్లకు పైగా, భారాసకు 1,200 కోట్లకు పైగా, వైకాపాకు 330 కోట్లకు పైగా, తెదేపాకు 200 కోట్లకు పైగా వచ్చాయని. కొన్నవారిలో రెండో స్థానం మన హైదరాబాదు సంస్థ మేఘా ఇంజినీరింగుది, 966 కోట్లు. పార్టీలన్నీ పక్క పార్టీ జాబితానే చదివి వినిపించాయి.

ఇప్పుడు బాండ్లు లేవు. ట్రస్టులున్నాయి. పది కంపెనీలు ఒక ట్రస్టులో వేస్తాయి, ట్రస్టు నాలుగు పార్టీలకు పంచుతుంది. ఎవరు వేశారో, ఎవరికి పంచారో రెండూ రాస్తారు, ఎవరిది ఎవరికి చేరిందో మాత్రం తెలియదు. కుండలో పోసి కలిపిన పాలలో ఏ గేదెవి ఎన్నో చెప్పమన్నట్టు. ఇక 20,000 రూపాయలు దాటని విరాళానికి ఎన్నికల సంఘానికి పేరే చెప్పనక్కర్లేదు. ఒక జాతీయ పార్టీ తనకు 20,000 దాటిన విరాళం ఒక్కటీ రాలేదని ఏళ్ల తరబడి రాసిచ్చింది. అభ్యర్థికి ఖర్చు పరిమితి ఉంది గానీ పార్టీకి అదీ లేదు. ఇక బుట్టల సంగతి ఏ చట్టంలో వెతకాలి?

మామిడికాయలు వచ్చిన మర్నాడే ఇంకొకావిడ వచ్చారు. రిటైరైన టీచరమ్మ, మా అభ్యర్థికి చిన్నప్పుడు చదువు చెప్పారట. అయిదు వందల పదహార్లు నా ముందు పెట్టి "రసీదు ఇవ్వండి" అన్నారు. ఆఫీసంతా వెతికినా రసీదు పుస్తకం లేదు. అసలు అచ్చు వేయించనే లేదు. చివరికి లెటర్‌హెడ్ మీద రాసి, ముద్ర కొట్టి ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, మడిచి సంచిలో పెట్టుకున్నారు. అయిదు వందలకు ఈ హడావుడి ఏమిటని బావమరిది విసుక్కున్నాడు. ఫలితాలు వచ్చిన ముప్పై రోజుల్లోపు నేను లెక్కలు దాఖలు చేసినప్పుడు, ఇతరుల నుంచి వచ్చిన సొమ్ము కింద ఉన్నది ఆవిడ పేరొక్కటే.

2024లో మళ్లీ నన్నే పిలిచారు. పరిమితి 40 లక్షలయింది, రిజిస్టరు అదే, బావమరిదీ ఆయనే. ఈసారి ముందే రసీదు పుస్తకం అచ్చు వేయించమని పట్టుబట్టాను. "ఎన్ని కావాలి?" అన్నాడు. ఒకటి చాలన్నాను. పుస్తకంలో యాభై రసీదులు. పోలింగ్ నాటికి చినిగినవి నాలుగు, మొదటిది టీచరమ్మదే.