బడిలో బుద్ధిమంతుడు, ఇంటికి రాగానే అరుపులు: ఎందుకిలా?

ఆటిజం ఉన్న మా బాబుతో బడిలో ఏ గొడవా లేదని టీచర్లు అంటున్నారు, ఇంట్లో మాత్రం బూట్లు విప్పమన్నా చాలు అరుస్తూ తల గోడకేసి కొట్టుకుంటున్నాడు, మా గారాబమే కారణమా, మందులు వాడాలా అని అడిగారు. గారాబం కాదు. మా అమ్మాయికి ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) రెండూ ఉన్నాయి. మీ బాబు వయసులో తనదీ ఇదే వరస. గంట మోత, తోపులాట, చెప్పకుండా మారిపోయే పీరియడ్లు, అన్నీ ఓర్చుకుంటూ నలుగురిలా కనిపించడానికే ఇలాంటి పిల్లల ఓపికంతా అయిపోతుంది. భయం లేని చోటికి చేరాక అదంతా బయటపడుతుంది. బూట్ల మాట ఆ సమయానికి ఎదురైంది, అంతే.

మారాం వేరు, ఇది వేరు. దీన్ని మెల్ట్‌డౌన్ అంటారు, అంటే ఓపికంతా అయిపోయి అదుపు తప్పడం. మారాం చేసే పిల్లవాడు మనం చూస్తున్నామో లేదో గమనిస్తాడు, అడిగింది ఇస్తే ఆపేస్తాడు. మెల్ట్‌డౌన్‌లో ఉన్నవాడికి ఏది ఇచ్చినా ఆగదు, ఎందుకంటే ఆపడం వాడి చేతిలో లేదు. అందుకే 'ఈ వారం అరవకుంటే స్టిక్కర్' లాంటి పద్ధతులంటే నాకు ఒళ్లు మంట. జ్వరం రాకుండా ఉంటే బహుమతి ఇస్తామన్నట్టు ఉంటుంది.

మాకు బాగా పనిచేసింది, ఇంటికి వచ్చిన మొదటి గంటను ఖాళీగా వదిలేయడం. ఈ రోజు ఏం జరిగిందనే ప్రశ్నలు లేవు, హోంవర్కు లేదు, టీవీ మోత లేదు, లైటు తగ్గించిన గది. బూట్లతోనే సోఫాలో పడుకుంటే పడుకోనిచ్చాం. ఉయ్యాల ఊగడం, దిండ్ల మీద దూకడం, బరువైన పెట్టెను నెట్టడం తనకు హాయినిచ్చేవి. మీ బాబుకు దుప్పట్లో ముడుచుకోవడమే ఇష్టం కావచ్చు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఆకలి, దాహం, మూత్రం వస్తున్న సంగతి సమయానికి తెలియదు. అందుకే అడగకుండానే నీళ్లు, తినడానికి ఏదో ఒకటి పక్కన పెట్టేవాళ్లం.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి మెల్ట్‌డౌన్‌కు ముందు ఏం జరిగింది, రాత్రి నిద్ర ఎలా ఉంది, విరేచనం అయిందా అన్నవి రాయండి. మా నోట్‌బుక్‌లో మలబద్ధకం ఉన్న రోజులే చెడ్డ రోజులని తేలింది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఈ ఇబ్బంది ఎక్కువ, నొప్పి ఎక్కడో చెప్పలేకపోవడమూ మామూలే. ఉన్నట్టుండి ఎక్కువైతే చెవి, పంటి నొప్పులు కూడా చూపించండి. రాస్తూ ఉంటే ముందస్తు గుర్తులూ తెలుస్తాయి. మా అమ్మాయి అడిగిందే మళ్లీ మళ్లీ అడిగేది, గొంతు సన్నబడేది, మునివేళ్ల మీద నడిచేది. ఏదైనా చేయగలిగేది అప్పుడే. మొదలయ్యాక తర్కం, బుజ్జగింపు రెండూ అదనపు శబ్దమే. తలకూ గోడకూ మధ్య దిండు పెట్టండి, మిగతా పిల్లలను అవతలికి పంపండి, 'నేను ఇక్కడే ఉన్నాను' అన్న ఒక్క మాట చాలు. గట్టిగా పట్టుకుని అదిమిపెట్టకండి. అయిపోయాక పాఠం చెప్పకండి, నిద్రపోతే పోనివ్వండి.

భావోద్వేగాల పాఠం ప్రశాంతంగా ఉన్నప్పుడే. 'ఇప్పుడు నీకెలా ఉంది?' అన్న ప్రశ్న మా అమ్మాయికి శిక్షలా ఉండేది. ఆటిజం ఉన్నవారిలో చాలామందికి తమ భావాన్ని గుర్తుపట్టడమే కష్టం. అందుకని శరీరంతో మొదలుపెట్టాం. 'నా భుజాలు బిగుసుకున్నాయి, కాసేపు బాల్కనీలో నిలబడతాను' అని నేనే పైకి అనేదాన్ని. కొన్ని నెలలకు తన పిడికిళ్ల గురించి తనూ చెప్పింది. 'విరామం కావాలి' అన్న కార్డు కూడా ఇచ్చాం. హోంవర్కు తప్పించుకోవడానికి వాడినా మొదట్లో ప్రతిసారీ ఒప్పుకోవాలి, లేకపోతే అవసరమైనప్పుడు పిల్లలు ఆ కార్డును నమ్మరు. తర్వాత ఏం జరగబోతోందో బొమ్మల వరుసగా గోడకు పెట్టడం అమెరికాలోని నార్త్ కరోలినాలో ఆటిజం ఉన్నవారి కోసం 1972లో మొదలైన టీచ్ (TEACCH) కార్యక్రమం బాగా వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి. మాటలు బాగా వచ్చిన పిల్లలకూ పనికొస్తుంది.

మందుల సంగతి: ఆటిజం ఉన్న పిల్లల్లో తీవ్రమైన చిరాకుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో రిస్పెరిడోన్‌ను, 2009లో అరిపిప్రజోల్‌ను అనుమతించింది. ఇవి ఆటిజాన్ని తగ్గించేవి కావు, బరువు పెరగడం లాంటి దుష్ఫలితాలున్నాయి. తల కొట్టుకోవడం వల్ల దెబ్బలు తగులుతుంటే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరును కలవండి, మందు అవసరమా కాదా అన్నది అక్కడ తేలుతుంది.

బడితోనూ మాట్లాడాలి. ఆఖరి పీరియడుకు ముందు కాసేపు లైబ్రరీలో కూర్చోనివ్వమని, గంట మోగేటప్పుడు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకోనివ్వమని అడగండి. 'ఇక్కడ బాగానే ఉన్నాడు కదా' అంటారు. అప్పుడు ఆ నోట్‌బుక్ తెరిచి చూపించండి.